అరచేతి తూకం

బిష్టుపూర్‌లో కంప్యూటర్ల కొట్టు తెరవగానే జోజి తాత ఇస్త్రీ చొక్కాతో వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. ఆటల కంప్యూటర్లకు వేసే కొత్త గ్రాఫిక్స్ కార్డు అద్దాల బీరువాలో ఉంది. ధర రెండున్నర లక్షలు. రోజూ దాన్ని అడిగి తీసుకుని అరచేతిలో తూస్తాడు. "రెండు కేజీలు కూడా లేదు. ముప్పై ఆరేళ్ళు మిల్లులో ఇనుం తూసిన సెయ్యిది, తప్పు సెప్పదు. ఏటి సూసి ఇంత రేటెట్టారమ్మా? మూడు నెలలాగితే దిగిపోద్ది." కొనవచ్చినవాళ్ళకూ అదే మాట. కొట్టు నడిపే పద్మశ్రీ నవ్వుతుంది: "నా బేరాలు సెడగొట్టేత్తన్నావు తాతా. దీన్ని బరువు సూసి కొనరు, పని సూసి కొంటారు." ఆ వాదన మధ్యాహ్నం దాకా సాగుతుంది. భార్య బాలకుమారి పోయాక ఇంట్లో ఆయనతో వాదించే మనిషి లేదు.

నిన్న బీరువాలో ఆ చోటు ఖాళీగా ఉంది. ఎవరో వచ్చి, చెప్పిన ధరకే బేరమైనా ఆడకుండా పట్టుకుపోయారట. "మరింకోటి ఎప్పుడొత్తాది?" అన్నాడు జోజి తాత. "ఇంత రేటుది మళ్ళీ తెప్పించను తాతా." ఆయన కాసేపు ఖాళీ చేతిని చూసుకున్నాడు. తర్వాత లేచి, గోడకు వేలాడుతున్న చవకరకం మౌసొకటి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "దీని రేటేటమ్మా?" అని, పద్మశ్రీ నోరు విప్పకముందే, "మరీ ఎక్కువెట్టేసేవు" అన్నాడు.