ఎదురొచ్చే ఉద్యోగం

మా వీధి సిమెంటు రోడ్డు మీద ఎవరో చక్రాల పెట్టె లాక్కుంటూ పోతున్నారు. గరగరా ఒకటే మోత. సెలవు మీద నర్సీపట్నం వచ్చి, అన్నయ్య ఇంట్లో కాఫీ తాగుతున్నదాన్ని కాస్తా ఆ చప్పుడు చెవిన పడగానే లేచి నిలబడ్డాను. పమిట సర్దుకున్నాను కూడా. వదిన పకపకా నవ్వింది. ఏళ్ళ తరబడి ఒక పెద్ద అంతర్జాతీయ విమానాశ్రయంలో, ప్రయాణికులు టెర్మినల్లోకి అడుగు పెట్టగానే కనిపించే హెల్ప్ డెస్క్ దగ్గర నిలబడ్డ మనిషికి ఈ జబ్బు ఒక పట్టాన వదలదు. నన్నక్కడ నిలబెట్టినవారు సరోజిని మేడమ్. మంచి మాటలతో నిలబెట్టారనుకునేరు, కాదు. చీవాట్లు పెట్టి నిలబెట్టారు.

ఆవిడదీ మా ఊరే. ఆ టెర్మినల్లో ప్రయాణికుల సేవలన్నీ ఆవిడ చేతికింద ఉండేవి. వీల్‌చైర్లు, ట్రాలీలు, తాగునీళ్ళు, తల్లులు పసిపిల్లలకు పాలిచ్చుకునే గది, పోయిన సామాను, దారి తప్పిన మనుషులు, అన్నీను. పొట్టి మనిషి, పెద్ద గొంతు, ముక్కు మీద కోపం. పైఅధికారులతో పుస్తకం చదివినట్టు మాట్లాడేవారు గానీ, మన ఊరి మనిషి కనబడితే చాలు, సంతలో బేరమాడే గొంతు బయటికొచ్చేది. పెళ్ళైన కొత్తల్లోనే నా భర్త విషజ్వరంతో పోయాడు. డిగ్రీ చదివి, అన్నయ్య ఇంట్లో వెనక గదికి అంకితమైపోయిన నన్ను, చెల్లెలి ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన సరోజిని గారు చూశారు. "ఈ గుంటకి ఇంగ్లీషొచ్చా? హిందీ వొచ్చా?" అని అన్నయ్యని అడిగారు. "వచ్చండీ, కానీ..." అని అన్నయ్య నసిగాడు. "కానీ ఏటి? వొచ్చా, రాదా?" అన్నారు. ఆ నెలలోనే నేను రైలెక్కాను.

వెనక గది సంగతి కొంచెం చెప్పాలి. మా వైపు ఎవరైనా ప్రయాణం పెట్టుకుని గుమ్మం దిగుతుంటే, ముత్తైదువ ఎదురు రావాలని చూస్తారు. భర్త పోయిన మనిషి ఎదురైతే అపశకునం అంటారు. నన్ను లోపలికి పొమ్మని మా ఇంట్లో ఎవరూ అనలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. నేనే పోయేదాన్ని. ఒకరి చేత చెప్పించుకునే దాకా ఎందుకని, వీధిలో ఆటో ఆగిన చప్పుడు వినగానే లేచి పెరట్లోకి నడిచేదాన్ని. అలాంటిదాన్ని తీసుకెళ్ళి, రోజంతా ప్రయాణమయ్యేవాళ్ళు తప్ప ఇంకెవరూ రాని గుమ్మంలో పెట్టారు ఆ మహాతల్లి.

మొదటి వారంలోనే వెళ్ళి మొరపెట్టుకున్నాను. "మేడమ్, నన్ను లోపలెక్కడైనా వెయ్యండి. స్టోర్లోనైనా సరే. బయల్దేరి వచ్చేవాళ్ళకి నేను ఎదురు రాకూడదండీ." ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్నోసారి చూశారు. "వరాలూ, ఎదురు రావడవే నీ ఉజ్జోగం. దానికి నెలనెలా జీతమిస్తన్నారు. ఇంకేటి కావాలి నీకు?" అని మళ్ళీ పనిలో పడ్డారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నా అలవాటు నేను మానలేదు. పసుపుబట్టలతో ఎవరైనా వస్తుంటే కింద ఏదో వెతుకుతున్నట్టు వంగేదాన్ని, లేకపోతే ట్రాలీల వరస చాటుకి పోయేదాన్ని. కనిపెట్టేశారు. ఒకరోజు డ్యూటీకి వచ్చేసరికి నా డెస్కు స్తంభం పక్కనుంచి లేచి సరిగ్గా తలుపులకి ఎదురుగా వచ్చింది. ట్రాలీలు అవతలి వైపుకి పోయాయి. "దాక్కోడానికి ఇంకెక్కడైనా సోటుంటే సెప్పు, అదీ తీయించేస్తాను," అని నవ్వకుండా అని వెళ్ళిపోయారు.

ఆవిడ దగ్గర పని చెయ్యడం తేలిక కాదు. కొత్త కుర్చీలు వస్తే ముందు తనే కూర్చుని, చేతులు ఆనించకుండా లేవగలుగుతారో లేదో చూసుకునేవారు. లేవలేకపోతే, "మోకాళ్ళ నొప్పులోళ్ళు ఇందులో కూకుంటే విమానం దాటిపోద్ది," అని తిప్పి పంపేసేవారు. ఎవరైనా దారి అడిగితే చెయ్యి చూపించకూడదు, కూడా నడవాలి. "అదిగో అక్కడ అంటావు. నీకు కనిపిస్తంది. ఆవిడకి కనిపించొద్దేటి?" అని ఓసారి అందరి ముందూ కడిగేశారు. కదిలే మెట్ల దగ్గర భయపడి ఆగిపోయినవాళ్ళని తొందరపెట్టకుండా లిఫ్టు దాకా తీసుకెళ్ళి, లిఫ్టులో కూడా ఎక్కి, పైన దింపి రావాలి. మొదట్లో అరికాళ్ళు మండేవి. తర్వాత్తర్వాత, అలా పక్కన నడుస్తున్నప్పుడు మనుషులు తమ ఇంటి కబుర్లు చెబుతుంటే వినడం నాకు బాగుండేది.

పైడమ్మ గారు అలాగే తగిలారు. గొలుగొండ పక్క పల్లెటూరు. చెరకు తోటల్లో పని చేసి చేసి గట్టిపడ్డ చేతులు. కూతురు మస్కట్‌లో ఉందట, తొలికాన్పు, నెలలు నిండాయి. అక్కడ తోడు ఎవరూ లేరు. ఆ రోజుల్లో వారానికి కొన్ని విమానాలే, ఇది తప్పితే పిల్ల పురిటికి అందుకోవడం కష్టం. ఈ తల్లికి విమానం ఎక్కడం ఇదే మొదలు. చెక్-ఇన్, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ అన్నీ దగ్గరుండి దాటించి, గేటు దగ్గర కూర్చోబెట్టి, అక్కడివాళ్ళకి అప్పజెప్పి నా డెస్కుకి వచ్చాను. కాసేపటికి వాకీటాకీలో కబురు. ప్రయాణికులు ఎక్కుతున్నారు, పైడమ్మ గారు కనబడటం లేదు.

సరోజిని గారూ నేనూ పరుగెత్తాం. మైకులో తెలుగులోనే పిలుస్తున్నారు, పలుకు లేదు. "బాత్రూమ్ సూడు, నీళ్ళకాడ సూడు, నమాజు గది సూడు," అంటూ ఆవిడ ఒక వైపు, నేను ఒక వైపు. ఎక్కడా లేదు. గేటు మూసే వేళవుతోంది. అప్పుడు చూశాను గేటు దగ్గర వరసని. అందులో ఇందాక నేను సామాను ట్రాలీ మీద పెట్టి పంపిన కొత్త జంట. ఆ అమ్మాయి మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగా ఉంది, కాళ్ళకి పారాణి ఆరలేదు. చూడగానే నాకు తెలిసిపోయింది. నేనైతే ఎక్కడికి పోయేదాన్ని? అదే పని చేశాను. కుర్చీల వరసలన్నీ దాటి, చివరి స్తంభం వెనక్కి వెళ్ళాను.

పైడమ్మ గారు అక్కడే ఉంది. సంచి ఒళ్ళో పెట్టుకుని, గోడవైపు తిరిగి నేల మీద కూర్చుంది. "అమ్మా, పిలుస్తుంటే పలకరేం?" అన్నాను రొప్పుతూ. "ఇనిపించింది తల్లీ. ఆ పెళ్ళికూతురు ఎల్లిపోనీ, నాను తరవాత ఎల్తాను. మొదటిపాలి పెనిమిటితో ఎల్తన్నాది, నా మొకం ఎదురైతే దానికి మంచిదేటి?"

"అమ్మా, వాళ్ళదీ మీదీ ఒకటే విమానం. అది వెళ్ళిపోతే మీకింక లేదు."

"ఓలమ్మో!" అంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ లేవలేదు. అటు కూతురు, ఇటు ఎవరి బిడ్డో. ఎవరికీ చెడు జరగకూడదని అక్కడే కూర్చుండిపోయింది. ఈలోగా సరోజిని గారు వచ్చారు. కేకలేస్తారనుకున్నాను. నువ్వే చెప్పు అన్నట్టు నా వంక చూసి తలాడించారు. నేను పైడమ్మ గారి ముందు గొంతుక్కూర్చున్నాను. "అమ్మా, నేనూ మీలాంటిదాన్నే. నా భర్తా పోయాడు. ఇందాక తలుపు దగ్గర మీకు మొట్టమొదట ఎదురొచ్చింది నేనే. ఆ పిల్లకీ నేనే ఎదురొచ్చాను, వాళ్ళ సామాను ట్రాలీ మీద పెట్టింది నేనే. ఈ టెర్మినల్లోకి వచ్చేవాళ్ళకి రోజూ నేనే ఎదురొస్తాను. అందరూ సుబ్బరంగా వెళ్ళొస్తున్నారు."

ఆవిడ నా మొహంలోకి తేరిపార చూసింది. "నిజివేనా?" అంది. "మీ మీదొట్టు," అన్నాను. "మరయితే ఇంకా కూకున్నావేటే, బేగి పద!" అని సంచి చంకనేసుకుని లేచింది. ఆ నడకని అందుకోవడం నా వల్ల కాలేదు. గేటు దగ్గర ఆ పెళ్ళికూతురు తప్పుకుని, "ముందు మీరెళ్ళండి మామ్మా," అంది. పైడమ్మ గారు ఆ పిల్ల గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుని లోపలికి వెళ్ళింది. అమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాత క్యాంటీన్లో టీ తాగుతుంటే సరోజిని గారు అన్నారు: "ఇదే మాట నాను నీకు సెప్పీసెప్పీ నోరు నొప్పెట్టింది. ముసల్దానికి మాత్రం గుక్క తిప్పుకోకుండా సెప్పీసినావు." ఇద్దరం నవ్వాం, నాకైతే ఏడుపూ వచ్చింది. ఆ వారంలోనే మస్కట్ నుంచి ఫోను. ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం.

మేడమ్ రిటైరై చెల్లెలి ఇంటికి, నర్సీపట్నం వచ్చేశాక, గుండెకి ఆపరేషన్ చెయ్యాలన్నారు. విశాఖపట్నం బయల్దేరే రోజున నేనూ సెలవు పెట్టి వచ్చాను. ఇంటినిండా చుట్టాలు. ఎదురు రావడానికి చెల్లెలు నీళ్ళబిందెతో సిద్ధంగా ఉంది. ఎంత ధైర్యం నేర్చినా ఏం లాభం? ఇది ఆవిడ ప్రాణం సంగతి. కాళ్ళు నన్ను పెరట్లోకి తీసుకుపోయాయి. కారు తలుపు తీసిన చప్పుడు వినబడింది గానీ వేసిన చప్పుడు వినబడలేదు.

"వరాలేదీ?" అన్న కేక ఇల్లంతా వినిపించింది. నేను చేతులు తుడుచుకుంటూ వీధిలోకి వచ్చాను. "ఆ మూల దాకా ఎల్లి ఎదురు రా," అన్నారు. ఒక పెద్దావిడ, "గుండాపరేషనే సరోజినీ..." అని గొణిగింది. "అందుకే అడుగుతన్నాను పిన్నీ," అన్నారు. మేడమ్ మొహం చూశాను. నాకు బుద్ధి చెబుతున్న మొహం కాదది. భయపడుతున్న మొహం. సరోజిని గారు భయపడగా చూడటం నాకు అదే మొదటిసారి.

మూల దాకా వెళ్ళి తిరిగాను. అందరూ చూస్తుండగా నడిచి వచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని, "చల్లగా వెళ్ళి రండి మేడమ్," అన్నాను. నా చెయ్యి గట్టిగా నొక్కి కారెక్కారు.

మర్నాడు సాయంత్రం దాకా ఫోను పక్కనే కూర్చున్నాను. మేడమ్ చెల్లెలు ఫోన్ చేసింది. "అప్పకి తెలివొచ్చిందే వరాలూ. సుట్టాలు కూకోడానికి కుర్చీలు సాల్లేదని నర్సుతో అప్పుడే తగువు!" నేను అక్కడే గచ్చు మీద చతికిలబడి, కడుపారా నవ్వి, కరువుతీరా ఏడ్చాను. ఆ రోజు నుంచీ ఎవరు ప్రయాణమైనా నేను పెరట్లోకి పోలేదు.