కొస కాలిన చీపురు

ఇరాన్‌లోని మాహ్‌షహర్ పెట్రోకెమికల్ ఫ్యాక్టరీలో గజ్‌బాన్‌ను చూసి నవ్వనివాళ్లు లేరు. కంప్రెసర్ల దగ్గరికి ఎప్పుడు వెళ్లినా ఖర్జూరపాకు చీపురొకటి ముందుకు చాచి నడిచేవాడు. హైడ్రోజన్ అంటుకుంటే పట్టపగలు మంట కంటికి ఆనదు. చీపురు కొస కాలితేనే తెలుస్తుంది. నవ్వేవాళ్లకూ ఈ సంగతి తెలుసు, అయినా నవ్వేవారు.

ఒకప్పుడు అక్కడ మిగులు హైడ్రోజన్‌ను కొలిమిలో వంటచెరకులా తగలేసేవారు. ఇప్పుడు దాన్ని శుద్ధిచేసి, గొట్టంలో పక్కనున్న ఎరువుల ఫ్యాక్టరీకి అమ్ముతున్నారు. కాలిస్తే చవక ఇంధనం, అమ్మితే సిరి. గ్యాసును గొట్టంలోకి నెట్టే కంప్రెసర్ ఆగిందా, ఆ సిరంతా మిగతా వ్యర్థ వాయువులతో కలిసి ఎత్తయిన మంటగొట్టం కొసన ఎర్రగా భగభగమంటుంది. ఊరు చూస్తుంది, పైవాళ్లు సంజాయిషీ అడుగుతారు. అందుకే ఆపమనే మాట ఎవరి నోటా రాదు.

ఆ ఉదయం మూడో కంప్రెసర్ దగ్గర చీపురు కొస భగ్గుమంది. గజ్‌బాన్ కాలితో తొక్కి ఆర్పి, ఇన్‌చార్జి కామ్యాబ్ దగ్గరికి పరిగెత్తాడు.

"సార్, మూడో కంప్రెసర్ సీలు దగ్గర మంట ఉంది. ఆపించండి."

"ఇప్పుడా? సాయంత్రం దాకా గ్యాసు ఇస్తామని మాటిచ్చాం. చిన్న లీకేగా! పోయి ఆ చీపురుతో ఇల్లూడ్చుకోవయ్యా, మీ ఆవిడైనా మెచ్చుకుంటుంది."

గదంతా గొల్లున నవ్వింది. గజ్‌బాన్‌కు తల కొట్టేసినట్టయింది. డ్యూటీ దిగి, చీపురు చంకన పెట్టుకుని బయల్దేరాడు. గేటు దగ్గర, అతని స్థానంలోకి వస్తున్న బావమరిది సబ్బాహ్ ఎదురయ్యాడు.

"ఏం బావా, చీపురుతో చుట్టాలింటికా? ఇలా ఇవ్వు, ఇవాళ నేను తిప్పుతా."

"ఎవరికీ ఇవ్వను! మీ కామ్యాబ్‌నే ముందు నడవమను. ఒరేయ్, మూడోదాని దగ్గరికి మాత్రం పోకు."

"పోకపోతే దాని ఆయిల్ మీ తాత చూస్తాడా?" అని సబ్బాహ్ నవ్వుతూ లోపలికి వెళ్లిపోయాడు.

ఇంట్లో నయీమా చింతపండు పులుసులో చేపముక్కలు వేస్తోంది. చీపురు చూసి గరిటె ఆపింది.

"ఇదేంటయ్యా, కాలింది? ఇది ఇక్కడుంటే మా తమ్ముడు దేంతో తిరుగుతాడు?"

గజ్‌బాన్‌కు అప్పుడు తట్టింది. కోపంలో ఎంత పని చేశాడు! "మూడోదాన్ని ఆపమన్నా, వినలేదు," అంటూ చీపురు లాక్కుని గడప దాటాడు.

అప్పుడే మంటగొట్టం మీద మంట ఆకాశమంత లేచింది. మసి పడుతుందని పక్కింటివాళ్లు ఆరేసిన బట్టలు లాగేస్తున్నారు. నయీమా మొహం విప్పారింది.

"చూశావా, ఆపేశారు! నీ మాట విన్నారయ్యా."

తన మాటకు కామ్యాబ్ ఆపడని గజ్‌బాన్‌కు తెలుసు; ఆగిందంటే అక్కడేదో జరిగింది, లోపల సబ్బాహ్ ఉన్నాడు. చీపురు పట్టుకుని గడప బయటే నిలబడిపోయాడు.