మల్లయ్య కాలి చప్పుడు

తెలంగాణ ఏర్పడిన మూడో ఏడాది, వానాకాలం మొదట్లో, నన్ను పాత నల్లగొండ జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మెడికల్ ఆఫీసరుగా వేశారు. మోత్కూర్ నుంచి బస్సులో అరగంట. నాతోపాటు ఒక స్టాఫ్ నర్సు, ఒక ఫార్మసిస్టు ఉండేవారు. ప్రతి బుధవారం షుగరు, బీపీ రోగులను చూసేవాళ్లం.

ఆ ఏడు మాకు చిన్న డాప్లర్ యంత్రం వచ్చింది. పెన్నులాంటి కొసను కాలి మీద జెల్ పూసి ఆనిస్తే, లోపలి ధమనిలో రక్తం పారే చప్పుడు స్పీకరులో వినిపిస్తుంది. షుగరు ముదిరిన వాళ్లకు పాదాలకు రక్తం సరిగా అందదు, స్పర్శ కూడా తగ్గుతుంది. పుండు పడినా తెలియదు. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగించి, ఎంత తగ్గిందో రాసుకోవాలి. చప్పుడు అందుకు సాధనం మాత్రమే. ఈ సంగతి నాకు తెలుసు. బయట బల్ల మీద కూర్చున్న ముప్పై మందికి తెలియదు.

ఒక బుధవారం మల్లయ్య, సోమయ్య కలిసే వచ్చారు. ఇద్దరూ గొర్ల కాపరులు, వియ్యంకులు. మల్లయ్య బిడ్డను సోమయ్య కొడుక్కిచ్చారు. ఏ విషయంలోనూ ఒకరికొకరు తగ్గేవారు కారు. సోమయ్య ఏడాదిగా ఇన్సులిన్ తీసుకుంటున్నాడు. మల్లయ్య అరికాల్లో తుమ్మముల్లు దిగి పుండైంది, వారం దాకా అతనికి తెలియనే లేదు. ఇన్సులిన్ మొదలుపెట్టాలని పెద్ద దవాఖానలో రాసిచ్చినా, "సూది పొడిపిచ్చుకునేటందుకు నేనేమన్న గొర్రెనా?" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ముందు సోమయ్య కాలికి పెట్టాను. హుష్షు హుష్షుమని గది దద్దరిల్లింది. తర్వాత మల్లయ్య కాలికి పెట్టాను. ఎవరో పొయ్యిగొట్టం ఊదుతున్నట్టు సన్నగా వచ్చింది.

"నా కాలు బోరు మోటరు లెక్క కొడ్తాంది బావా," అన్నాడు సోమయ్య. "నీది కరెంటు పోయిన మోటరు."

బల్ల మీది జనమంతా నవ్వారు. మల్లయ్య తువ్వాల తీసి కాలు కప్పుకున్నాడు. జనం వెళ్లిపోయాక మెల్లగా వచ్చి అడిగాడు.

"డాక్టరమ్మా, సూది ఏసుకుంటె నాది గూడ గట్ల మోగుతదా?"

ఆ ప్రశ్నకు నేను సంబరపడ్డాను. అంత ఆసక్తితో అడిగిన రోగి నాకు అంతకుముందు దొరకలేదు. ఇన్సులిన్ చక్కెరను తగ్గించడమే కాదు, రక్తనాళాల లోపలి పొరకు కబురు పెడుతుంది. ఆ పొర ఒక వాయువును విడుదల చేస్తుంది, నాళం కాస్త వదులై కండలకు రక్తం ఎక్కువగా వెళ్తుంది. షుగరు చాలాకాలం అదుపు తప్పితే ఆ పొరకు కబురు సరిగా వినిపించదు. ఇదంతా చెప్పి, చివర్లో, "దొడ్డి తడక తెరిస్తే గొర్లు లోపలికి పోయినట్టే అనుకో" అన్నాను. కొవ్వు పేరుకుని పూడిన నాళాన్ని ఇన్సులిన్ తెరవలేదన్న మాట కూడా చెప్పాను. కానీ అప్పటికి అతను తడక దగ్గరే ఆగిపోయాడు.

మల్లయ్య ఆ వారమే సూది మొదలుపెట్టాడు. నేను నర్సు దగ్గర, రోగికి అర్థమయ్యేలా చెప్పడం ఒక కళ అని కాసేపు ఉపన్యసించాను.

నెల తిరిగాక బుధవారం పొద్దున్నే అతను భార్య లింగమ్మతో నడిచి వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి.

"ముందుగాల మిషిను పెట్టుండ్రి. మా బావను గూడ పిలువుండ్రి," అన్నాడు.

సోమయ్య వచ్చాడు. యంత్రం పెడితే చప్పుడు దడదడమని పరుగెత్తింది. "గెలిచిన!" అని మల్లయ్య ఎగిరి మంచం దిగాడు. బల్ల దగ్గరికి పోయి కూర్చున్న వాళ్లను వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "ఒకటి తక్కువున్నది! నల్లమూతి పొట్టేలు ఏడబాయె?" అంటూ మందుల గదిలోకి వెళ్లి ఫార్మసిస్టు చెవి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ఆయన మీసాలు నిజంగానే నల్లగా, గుబురుగా ఉండేవి. జనం పడీపడీ నవ్వారు. నేను మాత్రం అతని లక్షణాలు లెక్కపెట్టుకున్నాను. చెమట, వణుకు, గుండెదడ, మతి తప్పడం. వేలి మీద పొడిచి చూస్తే చక్కెర నలభై ఎనిమిది. ఇంకా దిగితే ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు.

గ్లూకోజు నీళ్లు కలిపితే అతను నోరు బిగించాడు. "పొట్టేలు దొర్కినంక తాగుత."

సోమయ్య గ్లాసు నా చేతిలోంచి తీసుకున్నాడు. "దొర్కింది బావా, గిదో, నా పక్కనే ఉన్నది. గెలుపు నీదే. జర తాగు."

గెలుపు మాట వినగానే తాగాడు. పావుగంటకు తెలివి వచ్చింది. ఎదురుగా ఎర్రబడిన చెవితో నిలబడ్డ ఫార్మసిస్టును చూసి, "సారుకేమైంది?" అని అడిగాడు.

సంగతి లింగమ్మ చెప్పింది. "పన్నెండు యూనిట్లు ఏసుకొమ్మన్నరు గద. ఒక్క తడక తీస్తె గింతె, రెండు తీస్తె ఎంత మోగుతదో అని ఇయ్యాల ఇరవై నాలుగు ఏసుకున్నడు. తింటె నాళం నిండుతదని బువ్వ గూడ తినకపాయె."

అతను విన్న దడదడ నాళాలు తెరుచుకున్న చప్పుడు కాదు. చక్కెర పడిపోయి గుండె పరుగు తీసిన చప్పుడు. పైగా స్పీకరు చప్పుడు కొస పట్టిన వాలును బట్టి, తిప్పిన వాల్యూమ్ మీటను బట్టి మారుతుంది. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే ఆ రోజు వచ్చిన అంకె మొదటిసారి వచ్చినంతే ఉంది. ఇద్దరికీ ఇది విడమరిచి చెప్పాను. "అంకె ఎవలకు ఇనపడుతది తియ్యి," అన్నాడు సోమయ్య.

మల్లయ్య సరైన మోతాదుకు వచ్చాడు. పట్టీలు మార్చుకుంటూ, మెత్తటి చెప్పులు వేసుకుంటూ మూడు నెలల్లో పుండు మాన్పుకున్నాడు. పాదం తీయాల్సిన అవసరం రాలేదు. ఫార్మసిస్టు మాత్రం బుధవారాలు మందుల గది లోపలి గడియ వేసుకునేవాడు.

మందు ఏం చేస్తుందో చెప్పేముందు ఎంత వేసుకోవాలో, ఎంత దాటకూడదో, ఎప్పుడు తినాలో చెప్పాలి. పోలిక రోగికి గుర్తుంటుంది, దాని హద్దు గుర్తుండదు. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, నేను చెప్పింది రోగి నోటితో తిరిగి చెప్పించుకోకుండా ఏ ఇన్సులిన్ చీటీ మీదా సంతకం పెట్టలేదు.