నేను గీసిన గనిలోకి

బొగ్గు గనిని గీసే ఉద్యోగం నాది. ఎక్కడ దారి తవ్వాలి, ఎక్కడ బొగ్గును స్తంభంగా వదిలెయ్యాలి, గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోవాలి, అన్నీ పైన ఆఫీసులో కూర్చునే నిర్ణయించేదాన్ని. తవ్వి తీసిన చోటు గది అవుతుంది, తీయకుండా వదిలిన బొగ్గు కప్పును మోస్తుంది. ఇన్నేళ్లూ నా గీతల మధ్య మగవాళ్లే నడిచారు. వంటంతా చేసి రుచి చూడకుండా లేచిపోయినట్టుండేది నాకు. ఆడ ఇంజినీర్లు కూడా పగటి షిఫ్టులో దిగవచ్చని అనుమతి వచ్చాక, కొత్త గనికి ప్లాను వేస్తూనే దిగేవాళ్లలో నా పేరూ ఇచ్చేశాను.

ఆదినిష్ఠూరం మేలని, సెలవు పెట్టి బాపట్ల దగ్గర మా ఊరికి వెళ్లి అమ్మకు చెప్పాను. సముద్రం మీద బతికే ఇల్లు మాది. నాన్న, అన్నయ్య వేటకు వెళ్తారు, అమ్మ చేపలు అమ్ముతుంది. అమ్మ నాతో వాదించలేదు. రేపల్లె నుంచి మా మేనమామను పిలిపించింది.

మావయ్య బోర్లు వేయిస్తాడు. నేల కింద సంగతి తనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. రేపల్లెలో మోకాలి లోతు తవ్వితే నీళ్లూరతాయి, కృష్ణ ఒడ్డున పెనుమూడి వైపయితే అంత కూడా అక్కర్లేదు, కాబట్టి అంత లోతున మనుషులు నడుస్తున్నారంటే నన్నెవరో మోసం చేస్తున్నారని తేల్చేశాడు. తెనాలిలో పెట్టి చదివించడమే తప్పయిందన్నాడు. గని ఉన్నచోట రాతి నేలని, ఊరిన నీటిని పంపులు తోడేస్తాయని, పైన వాగున్న చోట స్తంభాలు ఇంకా పెద్దవి వదులుతామని చెప్పాను. వింటేగా! డెల్టా మనిషికి భూమంటే నీళ్ల మీద పెట్టిన మూత.

నాకసలే ముక్కు మీద కోపం. రోజూ మగవాళ్లను సముద్రంలోకి పంపే ఇంట్లో నా దగ్గరకొచ్చేసరికి ప్రాణభయమేంటని అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"సముద్రం మీదున్నోళ్లకి నెత్తిన ఆకాశం ఉంటదే. నీకేముంటది?" అంది అమ్మ.

నిజం చెప్పాలంటే ఆ మాటకు నాకూ భయం వేసింది. లాప్‌టాప్ తెచ్చి అమ్మ ముందు పెట్టాను. బయటికి రావడానికి రెండు దారులున్నాయని, ఒకటి మూసుకుపోయినా రెండోది ఉంటుందని చూపించాను. వరసగా వదిలిన స్తంభాలు చూపించాను.

"ఎంత తియ్యాలో, ఎంత వదలాలో ఎవరు చెప్తారు?"

నేనేనని, పైవాళ్లు ఒప్పుకోవాలని చెప్పాను. అమ్మ తెర మీద ఆ స్తంభాల గళ్ల మీద వేలు పెట్టింది.

"నీ ఒక్కదాని కోసమని కాదు, అందరూ నడుస్తారుగా. కాస్త ఎక్కువే వదిలెయ్."

నన్ను వెళ్లమని గానీ వద్దని గానీ మాత్రం అనలేదు. మావయ్య కాఫీ తాగి, అలిగి రైలెక్కాడు.

వాగు కింద స్తంభాలను ఇంకొంచెం పెంచి ప్లాను పంపాను. బొగ్గు దండగవుతుందని పైవాళ్లు గొణిగారు గానీ చివరికి ఒప్పుకున్నారు. దారులు తవ్వడం మొదలై, నేను మొదటిసారి దిగే రోజు పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. ఇప్పుడు వద్దంటుందేమో అనుకున్నాను. అమ్మ ఈదురుగాలి గురించి చెప్పింది, అన్నయ్య వల చిరిగిన సంగతి చెప్పింది, టిఫిన్ తిన్నావా అని అడిగి పెట్టేసింది.

నేను ఏ ఊరికి బయల్దేరినా, గుమ్మం దాటకముందే ఎప్పుడొస్తావని ప్రాణం తీసే మనిషి. ఆ రోజు ఆ మాట అడగలేదు. దీపమున్న టోపీ పెట్టుకుంటుంటే తట్టింది: మా ఇంట్లో ఎప్పుడొస్తావని అడగనిది వేటకు వెళ్లేవాళ్లను మాత్రమే.