నేనిచ్చిన ముచ్చట

శామీర్‌పేట దగ్గర మాకున్న నాలుగెకరాలు విల్లాల కోసం అమ్మించింది నేనే. నాయినకు ఇష్టం లేదు. పక్కవాళ్లందరూ ఇచ్చేశాక మన పొలానికి దారి కూడా ఉండదని నెలల తరబడి పోరి సంతకం పెట్టించాను. తర్వాత మేడ్చల్‌లో ఇల్లు కట్టాం. నేను ప్లాట్ల వ్యాపారంలో దిగాను. నాయిన మాత్రం రోజూ పొద్దున్నే బస్సెక్కి పొలం దగ్గరికే వెళ్లేవాడు.

అక్కడ ఇప్పుడు పెద్ద గేటు, లోపల సిమెంటు రోడ్లు. వాచ్‌మన్ మొదట్లో ఆపాడు. తర్వాత జాలిపడి, రిజిస్టరులో పేరు రాసి లోపలికి వదలడం మొదలుపెట్టాడు. ఎవరి కోసం వచ్చారన్న గడిలో నాయిన ‘బాయి కోసం’ అని రాయించేవాడు. మా బావి పూడ్చిన చోట పిల్లల పార్కు వచ్చింది. అక్కడి బెంచీ మీద కాసేపు కూర్చుని, వాచ్‌మన్‌తో కలిసి చాయ్ తాగి ఇంటికి వచ్చేవాడు. ఈ సంగతి ఆ వాచ్‌మనే నాకు చెప్పాడు. నవ్వుతూ కాదు.

పోయినేడు మా పాత ఊరి యువజన సంఘం వార్షికోత్సవానికి ఒక జానపద హాస్య జంటను పిలిచాం. ఒకాయన డోలక్ వాయిస్తూ మొగుడవుతాడు, రెండో ఆయన చీర కట్టుకుని పెళ్లామవుతాడు. ఏ ఊరికి వెళితే ఆ ఊరి ముచ్చట్లు ఆటలో కలిపేస్తారు. ఆ సాయంత్రం ఫంక్షన్ హాలు వెనక గదిలో వాళ్లు ముఖాలకు రంగు వేసుకుంటుంటే నేను చాయ్ తీసుకెళ్లాను.

“అన్నా, గీ దిక్కు నవ్వొచ్చే ముచ్చట ఏదన్నుంటే చెప్పు” అన్నాడు డోలక్ ఆయన.

అంత పేరున్నవాళ్లు నన్ను అడిగారన్న సంబరంలో మూడు నాలుగు చెప్పాను. ఇద్దరూ మర్యాదకు తలాడించారు. చివరికి బాయి కోసం పేరు రాయించే ముసలాయన సంగతి చెప్పాను. పడీ పడీ నవ్వారు. ఆయన మా నాయిన అని మాత్రం చెప్పలేదు.

అప్పటికే నాయిన రెండో వరుసలో కూర్చుని ఉన్నాడు. తీసుకొచ్చింది నేనే.

గంటసేపు హాలంతా ఊగిపోయింది. నాయిన కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. అప్పుడు డోలక్ ఆయన నడుం వంచి ముసలివాడయ్యాడు. చీర కట్టినాయన టోపీ పెట్టి వాచ్‌మన్ అయ్యాడు.

“ఎవలి కోసమొచ్చినవ్, తాతా?”

“మా బాయి కోసమొచ్చిన, బిడ్డా.”

“బాయి ఏ విల్లాల ఉంటది? ఫోన్ జేస్త, అదే నడిచొస్తది.”

ఈలలతో హాలు దద్దరిల్లింది. రోజూ ఆ గేటుకు వెళ్లేది ఎవరో మా ఊరివాళ్లందరికీ తెలుసు. ఒక్కొక్కరే నాయిన వైపు తిరిగి చూసి మరింత నవ్వారు. అంతకుముందు నవ్విన ముఖాన్ని నాయిన అలాగే ఉంచుకున్నాడు. నేను గోడ పక్కన నిలబడి చప్పట్లు కొట్టాను, కొట్టకపోతే దొరికిపోతానని.

తిరిగి వస్తుంటే కారులో నాయిన అడిగాడు: “గా బాయి ముచ్చట ఆళ్లకెవలు జెప్పిన్రు?”

నాకేమెరుకన్నాను.

ఆయనే అన్నాడు: “బాయి కోసమని రాయించుడు వాచ్‌మన్‌కు తప్ప ఇంకెవలికి తెల్వది.”

నేను కాదనలేదు.

మర్నాటి నుంచి నాయిన బస్సెక్కడం మానేశాడు. వారం తర్వాత ఒక్కసారి వెళ్లి, నలుగురి ముందు ఆ వాచ్‌మన్‌ను నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాడు. ఆ గొడవతో, సంబంధం లేని మనిషిని అతను రోజూ లోపలికి వదిలిన సంగతి విల్లాలవాళ్లకు తెలిసింది. అతన్ని పనిలోంచి తీసేశారు.

మూడు నెలల తర్వాత అతను గండిమైసమ్మ చౌరస్తాలో కనిపించాడు. ఏదో గోదాము దగ్గర పని దొరికిందట. నాయిన బాగున్నాడా అని ముందు అదే అడిగాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: “నేనెవ్వలికి జెప్పలే అన్నా. నీకొక్కనికే జెప్పిన.”

నాయినతో మాట్లాడతానన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు.

మాట్లాడలేదు. ఎప్పుడైనా ఆ సంగతి వస్తే నాయిన ఇప్పటికీ ఆ వాచ్‌మన్‌నే తిడతాడు. నేను పక్కనే ఉంటాను. ఈ వయసులో నిజం చెబితే ఆయన తట్టుకోలేడని నా భార్యతో అంటుంటాను.