చీకటిరాయుడి నాన్నగారు

విమానం నెత్తి మీదుగా పోతుంటే మాట సగంలో ఆపి, అది దిగాక మిగతా సగం చెప్పుకోవడం మా శంషాబాద్ వాళ్లందరికీ అలవాటు. ఆ రోజుల్లో నాకు ఆ ఆగడం కూడా తెలియదు. డిగ్రీ అప్పుడే చేతికొచ్చింది, తెలుగు సాహిత్యం నా కోసమే కాచుక్కూచుందని గట్టి నమ్మకం. అంతటి రచయిత్రికి దొరికిన మొదటి ఉద్యోగం, టైర్ల దుకాణం పైన కిరాయి హాల్లో ఒక కామిక్ పుస్తకానికి మాటలు రాయడం. (మా బాపు మాత్రం "బిడ్డ ఎయిర్‌పోర్ట్ కాడ ఆఫీసర్" అని ఊరంతా చెప్పుకున్నాడు.)

ఆ హాలు కిరాయికి తీసుకుని పుస్తకం వేస్తున్నాయన్ని సార్ అనేవాళ్లం. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. తండ్రికి ఆరాంఘర్ దగ్గర ఇనుము కొట్టు, కొడుక్కి కళాపోషణ. పుస్తకం పెద్దాయనకి నచ్చకపోతే సార్ హాలు ఖాళీ చేసి కొట్లో కూర్చోవాలని ఒప్పందం. బొమ్మలు గీసేది జల్‌పల్లి నుంచి బండి మీద వచ్చే బొమ్మలన్న. మా హీరో గగనవీరుడు. ఎగరడం తప్ప అతనికి ఇంకే విద్యా రాదు. విమానాశ్రయం పక్కన ఎగిరేవాణ్ణి తలెత్తి ఎవరు చూస్తారు? పైగా పుస్తకమంతా విలన్ చీకటిరాయుడి వంశచరిత్రే. తాత సూర్యుణ్ణి గోనెసంచిలో కట్టబోయి చేతులు కాల్చుకున్నాడు. తండ్రి నగరంలోని చెరువులన్నీ ఒక్క గుక్కలో తాగేశాడు. ఇక వీడేం చేస్తాడయ్యా అంటే, పేజీకోసారి గోడకి ఆనుకుని ఏడుస్తాడు.

"విలన్ ఇంతగా ఏడిస్తే హీరో ఎవర్ని కొట్టాలి సార్?" అన్నాను.

"మీకు అర్థం కావట్లేదండీ. వాడికి విలనీ ఇష్టం లేదు. వాళ్ల నాన్నగారు బలవంతంగా పెట్టారు."

(చెరువులు తాగేసే రాక్షసుడు 'నాన్నగారు' అట!)

ఆ తర్వాత రోజుకో సంగతి చేర్చేవారు. చీకటిరాయుడు చిన్నప్పుడు వేణువు వాయించుకుంటుంటే తండ్రి లాక్కుని విరిచేశాడట. చుట్టాల ముందు ఎక్కాలు అప్పజెప్పమని నిలబెట్టి, తప్పితే విస్తళ్ల ముందు వాణ్ణి చూపించి అందర్నీ నవ్వించాడట. రాక్షసులకి ఎక్కాలెందుకని నేను వాదనకి దిగాను. బొమ్మలన్న నన్ను మెట్ల దగ్గరికి పిలిచాడు.

"చెల్లె, నీకింకా సమజ్ కాలేదా? గది సార్ ఇంటి ముచ్చట. ఇగ నోరు మూసుకొని రాయి."

నాకు ఇంకా నవ్వొచ్చింది. సొంత తండ్రి మీద కోపానికి ఇంత రంగుల కాగితం దేనికి, ఒక ఫోన్ చేసి తిట్టేస్తే పోదా?

అచ్చయిన రోజు పెద్దాయన స్వయంగా వచ్చారు. కుర్చీ లాక్కుని, వరసల కింద వేలు జరుపుకుంటూ చదివారు. సార్ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డారు, క్లాసు బయట నిలబెట్టిన పిల్లాడిలా. ఎక్కాల పేజీలో పెద్దాయన వేలు ఆగింది.

"అయిపాయె," అన్నాడు బొమ్మలన్న నా చెవిలో. "ఇగ బ్యాగు సర్దుకో."

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎంత దుర్మార్గుడురా ఆ తండ్రి! పసివాణ్ణి నలుగురిలో అలా చేస్తాడా? ఇలాంటివాళ్లు కూడా ఉంటారా?"

సార్ కట్టుకున్న చేతులు విప్పలేదు. "ఉంటారు నాన్నగారూ. అక్కడక్కడా."

"ఆ కుర్రాడికి ఇంకో వేణువు కొనిపెట్టరా, పాపం," అని పెద్దాయన లేచి మెట్లు దిగారు.

నేనూ బొమ్మలన్నా నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాం. సార్ నవ్వలేదు. కిటికీ దగ్గర నిలబడి, కారు మలుపు తిరిగేదాకా చూసి, "పాపం అన్నారండీ," అన్నారు మెల్లగా. "నాన్నగారు పాపం అన్నారు."

పుస్తకం ఎవరూ కొనలేదు. (చుట్టాలకి పంచగా మిగిలిన కట్టలు కింద టైర్ల వాళ్లకి గ్రీజు చేతులు తుడుచుకోవడానికి పనికొచ్చాయి.) నా మహా సాహిత్యం కూడా ఇంకా రాలేదు, బడిలో పిల్లలకి సంధులు చెప్పుకుంటున్నాను. ఎప్పుడైనా నాలోని అప్పటి పొగరుబోతు పిల్ల గుర్తొస్తే నవ్వుకుంటాను. ఎర్ర పెన్ను పట్టుకుని, ఆ ఏడుపు పేజీలన్నీ కొట్టేస్తే కథ బాగుపడుతుందని సార్‌తో ఎంత పోట్లాడిందో! నయం, ఆయన వినలేదు.