తమ్ముడి రాయికి వేసిన బెజ్జాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇనుమును చూసి భయపడేవాళ్ళు ఎవరూ లేరు. మా బాపు రైల్వేలో ఫిట్టరు. ఫలక్‌నుమా స్టేషను వెనక సందులో ఉండేవాళ్ళం. బాపు పనిముట్ల పెట్టెలో చేత్తో తిప్పి బెజ్జాలు వేసే బర్మా ఒకటి ఉండేది. దానికి బిట్టు బిగించి, ఇనుప పట్టీ మీద ఆనించి, ఛాతీతో ఒత్తుతూ పిడి తిప్పేవాడు. మెరిసే ఇనుప చుట్టలు మెలికలు తిరుగుతూ బయటికి వచ్చేవి. నేనూ తమ్ముడూ వాటి కోసం కొట్టుకునేవాళ్ళం.

తమ్ముణ్ణి బడిలో వేసిన ఏడాదే, వానాకాలంలో వాడికి జ్వరం తగిలింది. పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. వాడు మళ్ళీ ఇంటికి రాలేదు.

అమ్మ మాట్లాడటం మానేసింది. ఏడవనూ లేదు. పొయ్యి ముందు కూర్చుందంటే అన్నం మాడుతున్నా కదిలేది కాదు. చర్చి నుంచి ఆడవాళ్ళు వచ్చి ధైర్యం చెప్పిపోయేవాళ్ళు. అందరికంటే ఎక్కువ చెప్పింది మా బాపే. "లేవే, ఇంత తిను. ఎన్ని దినాలు గిట్ల కూసుంటవ్? పిల్ల మొఖమన్న చూడవా?" అనేవాడు. పాపం, కోపం కాదు, భయం. ఆయన ఎంత గట్టిగా చెబితే అమ్మ అంతగా గోడవైపు తిరిగేది. వాళ్ళిద్దరిలో ఎవరి దగ్గరికి పోవాలో తెలియక నేను గడప మీద కూర్చునేదాన్ని.

సమాధుల తోటలో తమ్ముడి తల దగ్గర పెట్టడానికి బాపు ఒక నల్లరాయి తెచ్చాడు. ఇత్తడి రేకు మీద ఒక్కో అక్షరం అచ్చు పెట్టి, సుత్తితో కొట్టి, వాడి పేరు తనే తయారుచేశాడు. ఆ రేకును రాయికి బిగించాలి. అది చూస్తేనన్నా అమ్మ నోరు తెరుస్తుందని ఆయన ఆశ.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక వాకిట్లో పని మొదలుపెట్టాడు. రేకుకు బెజ్జాలు చిటికెలో పడ్డాయి. రాయి దగ్గరికి వచ్చేసరికి బర్మా కీచుమని అరిచింది. ఎంత తిప్పినా రాయి మీద చిన్న మెరుపు మచ్చ తప్ప ఏమీ లేదు. బిట్టు కొన కాలి నీలంగా మారి మొద్దుబారింది. ఇంకో బిట్టు పెట్టాడు. అదీ అంతే. చివరికి ఒళ్ళంతా బరువు పెట్టి ఒత్తితే ఆ బిట్టు పుటుక్కున విరిగింది. ఇక ఆగలేక ఉలి, సుత్తి అందుకుని ఒక్క దెబ్బ వేశాడు. రాతి పైమూల పెచ్చులా లేచి కింద పడింది.

ఆ ముక్క చేతిలో పట్టుకుని బాపు వెక్కివెక్కి ఏడ్చాడు. అంతకుముందు ఆయన ఏడవడం నేను చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ అమ్మ చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ కీచురొద విని మా సందు చివరి చాచా వచ్చాడు. ఆయనది బిట్లు సానపెట్టే చిన్న కార్ఖానా. చెక్కపని చేసే వడ్లవాళ్ళకూ, అద్దాల ఫ్రేములు కట్టేవాళ్ళకూ ఎవరికి కావలసినట్టు వాళ్ళకు బిట్లు చేసిచ్చేవాడు. విరిగిన ముక్క తీసి చూసి, "ఏంది భాయ్, లోహా బిట్టుతోని రాయిల దిగుతున్నవ్?" అన్నాడు. తరువాత ఇత్తడి రేకు కనబడింది. ఆయనకు తెలుగు చదవడం రాదు. ఏముందని నన్ను అడిగాడు. తమ్ముడి పేరు చదివాను. ఆయన బాపు భుజం మీద చెయ్యి వేశాడు. "ఆవో భాయ్. నువ్వు కూడ రా బిడ్డా," అని తన కార్ఖానాకు తీసుకుపోయాడు.

అక్కడ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి ఒక్కో బిట్టు నా చేతిలో పెట్టాడు. ఎందుకో నాకప్పుడు తెలియలేదు. ఇంట్లో చాలా రోజులుగా నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదని ఆయనకు నా ముఖంలోనే కనబడి ఉంటుంది. చెక్క బిట్టుకు నడుమ ముల్లు, పక్కన చిన్న కత్తులు. "ముల్లు ముందుగాల జాగ పట్టుకుంటది, కత్తులు అంచు గీస్తయ్. గప్పుడు చెక్క చీలది." ఇనుప బిట్టుకున్న మెలికల కాలువలు తెగిన పొట్టును పైకి మోసుకు రావడానికి. అద్దం బిట్టు బల్లెం మొనలా ఉంది. విరిగిన ఆకురాయితో ఆయనే చేశాడట. "దీనికి నీళ్ళు పోసుకుంట తిప్పాలె. చెయ్యి బరువు గూడ పెట్టొద్దు."

రాతి బిట్టు మాత్రం మా ముందే చేశాడు. లేతు మిషనులో విరిగిపోయిన పనిముట్టు నుంచి గట్టి లోహపు ముక్క తీసి, ఇనుప కడ్డీ కొసన అడ్డంగా ఇత్తడి కరిగించి అతికించి, ఇంటి కప్పులా రెండువైపులా వాలుగా సాన పట్టాడు.

"లోహా కోస్తే తెగుతది. రాయి తెగదు భాయ్. ఒక దెబ్బ కొట్టు, జర తిప్పు. మళ్ళ ఒక దెబ్బ, జర తిప్పు. గంతే. పిండి అయితది, గా పిండి ఊదెయ్యాలె."

"జల్ది కావాల్నంటే?" అన్నాడు బాపు.

"జల్ది చేస్తే ఏమైతదో చూసినవ్ గదా," అన్నాడు చాచా మెల్లగా.

మరునాడు బాపు డ్యూటీ నుంచి రాగానే కొత్త బిట్టు, సుత్తి పట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. నా చేతికి సైకిల్ పంపు ఇచ్చారు. ఒక దెబ్బ, కొంచెం తిప్పుడు. నేను పంపు కొట్టేదాన్ని, తెల్లటి పిండి ఎగిరిపోయేది. చాచా పక్కన ఊరికే కూర్చున్నాడు, సుత్తి ముట్టుకోలేదు. చీకటి పడేసరికి అగ్గిపుల్ల తలంత లోతు పడింది. బాపు విసుక్కోలేదు.

ఆ రాత్రి అమ్మ ముందు అన్నం గిన్నె పెట్టి "తిను" అనలేదు. పక్కన కూర్చుని, "వానికి చారుల ముక్కలంటే గిట్టకపోతుండె," అన్నాడు. అంతే, ఊరుకున్నాడు. మర్నాడు ఇంకో చిన్న మాట, మళ్ళీ మౌనం. సాయంత్రాలు రాయి దగ్గర కూర్చున్నట్టే అమ్మ దగ్గర కూర్చోవడం ఆయన నేర్చుకున్నాడు.

ఆఖరి బెజ్జం నడుస్తుండగా అమ్మ వచ్చి రాయి పక్కన కూలబడింది. పెచ్చు లేచిన మూలను వేలితో తడిమింది.

"వాని ముంగటి పన్ను గిట్లనే ఇరిగుండె," అంది.

స్టేషను మెట్ల మీద పడి విరగ్గొట్టుకున్నాడు వాడు. అమ్మ రాతి మీద తల ఆనించి గొంతెత్తి ఏడ్చింది. బాపు సుత్తి కింద పెట్టాడు. ఏడవకు అనలేదు. చాచా నా చెయ్యి పట్టుకుని సందు మొగదాకా నడిపించుకుపోయి, హోటలు అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ తాగించాడు.

రాయిని ఆ విరిగిన మూలతోనే నిలబెట్టారు. అమ్మ తరువాత చాలా ఏళ్ళు బతికింది, వంట చేసింది, నా పెళ్ళి చేసింది. కానీ చర్చిలో అందరికంటే ముందు పాట అందుకునే ఆ గొంతు మాత్రం మళ్ళీ వినలేదు. కొన్ని పోయినవి పోయినట్టే.

ఇప్పుడు తామే కొడుతూ తామే తిరిగే మిషన్లు వచ్చాయి. అద్దానికీ టైల్సుకూ వజ్రపు పొడి అద్దిన బిట్లు దొరుకుతున్నాయి. మా మనవడు మొన్న గోడకు అల్మారా బిగిస్తుంటే చూశాను. బిట్టు ఎంత హాయిగా దిగిందో! చాచా ఉంటే దాన్ని చేతిలోకి తీసుకుని మురిసిపోయేవాడు.

ఈమధ్య మా పక్కింటి కోడలికి కాన్పులోనే పాప పోయింది. వచ్చినవాళ్ళందరూ నీకింకా వయసుంది, ధైర్యంగా ఉండమని చెప్పి వెళ్ళారు. నేను ఆ పిల్ల పక్కన మంచం మీద కూర్చున్నాను. చాలాసేపటికి ఒక్కటే అడిగాను.

"ఏం పేరు పెడదామనుకున్నవ్ బిడ్డా?"

ఆ అమ్మాయి గోడవైపు తిరిగింది. నేను లేవలేదు. ఆ పిల్ల చెయ్యి నా చేతిలోకి తీసుకుని, తనకు చెప్పాలనిపించేదాకా కూర్చున్నాను.